తమ్ముడు అరగదీసిన రికార్డులు

మా తమ్ముడు దర్జీ. ఏ బట్టనైనా చేత్తో ఓసారి తడిమి కోటుకు సరిపోతుందో లేదో చెప్పేస్తాడు. సూదిలో దారం మొదటిసారికే ఎక్కిస్తాడు. చూసినవాళ్లు ముచ్చటపడతారు, నాకు ఒళ్లు మండుతుంది. వాడంటే ఇష్టం లేక కాదు. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, చేయి పట్టుకుని బడికి తీసుకెళ్లింది నేనే. కానీ ఏ పనైనా వాడికి ఇట్టే వచ్చేస్తుందని నలుగురూ అంటుంటే నలభై ఏళ్లుగా వింటున్నాను.

దీనికంతటికీ మూలం ఒక గిటారు. సబ్బుల ఫ్యాక్టరీలో నా మొదటి జీతాలతో కొన్నది. దాంతోపాటు ఒక రాక్ అండ్ రోల్ గాయకుడి రికార్డులు ఐదు తెచ్చుకున్నాను. అట్టల మీద ఎర్రకోటు వేసుకుని నవ్వుతుండేవాడు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరే ఎర్రకోటు. పాటా ఆయనదే, గిటారూ ఆయనదే. ఆయనలా వాయించాలని మూడు వారాలు తంటాలు పడ్డాను. వేళ్లు బొబ్బలెక్కాయి, గిటారు మూలన పడేశాను. ఏడాది తిరిగేసరికి తమ్ముడు దాన్ని ఒళ్లో పెట్టుకుని అచ్చం ఎర్రకోటులాగే వాయించాడు. "వీడికి ఒక్కసారి వింటే చాలు" అని నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు. మా ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి మా మేనేజరే వాణ్ణి పిలిపించి స్టేజీ ఎక్కించాడు. నేను కుర్చీలు సర్దాను.

తర్వాత ఇల్లు మారినప్పుడు, రికార్డులు పోయాయని చెప్పాను. పోలేదు. నా ట్రంకుపెట్టె అడుగున పెట్టి పైన పాత యూనిఫారాలు కప్పేశాను. వాడు ఇంకో ముక్క నేర్చుకోకూడదు, అంతే. వాడు రెండ్రోజులు వెతికి ఊరుకున్నాడు. ఆ తర్వాత వాడికి పెళ్లి, దుకాణం, పిల్లలు. గిటారు తీగలు తెగితే మళ్లీ వేయించనే లేదు. నేనూ పెట్టె సంగతి మరిచిపోయాను.

రిటైరయ్యాక, మొన్న మా ఆవిడ పెట్టె ఖాళీ చేయమని పోరితే అవి బయటపడ్డాయి. పాత ప్లేయరు బాగుచేయించి, నాకు ప్రాణమైన పాట పెట్టాను. గొంతు బ్రహ్మాండంగా వచ్చింది. మధ్యలో గిటారు రావాల్సిన చోట మాత్రం బరబరమని హోరు తప్ప ఏమీ లేదు. వెలుతురులో పట్టి చూస్తే, అక్కడ పావు అంగుళం మేర నలుపు పోయి బూడిదరంగు తేలింది. ఐదింటికీ గిటారు దగ్గరే ఆ చార. వాటిని ముట్టుకున్నది మేమిద్దరమే. వాణ్ణి కడిగేద్దామని ప్లేయరుతో సహా దుకాణానికి బయల్దేరాను.

వాడు పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఒక కోటుకు చేతులు అతుకుతున్నాడు. రికార్డులు చూసి సూదులు తీశాడు.

"దొరికాయా అన్నయ్యా?" అన్నాడు. ఎక్కడ అని అడగలేదు.

"దొరికాయి. వీటినేం చేశావురా?"

"నువ్వు డ్యూటీకెళ్లాక, స్పీడు తగ్గించి గిటారు దగ్గరే మళ్లీ మళ్లీ పెట్టుకునేవాణ్ణి. మామూలు స్పీడైతే అందేది కాదు. ఒక్కో పాటకి రెండు మూడు నెలలు పట్టింది."

"ఒక్కసారి వింటే వచ్చేస్తుందన్నారుగా?"

"నాన్న అన్నాడు. నేనెప్పుడన్నాను? అరిగిపోతున్నాయని తెలిస్తే నువ్వు చంపేస్తావని నోరు మూసుకున్నా."

వాడిది పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్నంతకాలం, నా తప్పేం లేదని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ ఒక్క ఊరటా పోయింది. అదే గిటారు, అవే రికార్డులు, రెండూ నేను కొన్నవే. నేను మూడు వారాలు కూర్చున్నాను, వాడు ఏడాది కూర్చున్నాడు. నా కుళ్లు తగ్గకపోగా రెట్టింపయింది.

"ఒకసారి పెట్టు, విందాం" అన్నాడు. పెట్టాను. వాడు సూదులు మళ్లీ పెదవుల మధ్య పెట్టుకుని పనిలో పడ్డాడు. గిటారు చోట హోరు మొదలైంది. వాడు తలెత్తకుండా, మూసిన పెదవులతోనే, ఆ గిటారు ముక్కంతా కూనిరాగం తీశాడు. ఎక్కడా తప్పలేదు. ఎడమచేతి వేళ్లు కోటు చేతి మీద వాటంతటవే కదిలాయి.

నా రికార్డులో లేనిది వాడి దగ్గర భద్రంగా ఉంది. "ఇంకోసారి పెట్టనా?" అన్నాను. తలూపాడు. ఈసారి ఆ చోటు వస్తుండగా నేనే సౌండు తగ్గించాను. కడుపుమంట మాత్రం తగ్గలేదు.