ఇద్దరి ఆట

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా మనవరాలు టీవీ ముందు కూర్చుని షటిల్ చూస్తోంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. "అమ్మమ్మా, వీళ్లు కొరియా వాళ్లు. ఒకళ్లనొకళ్లు చూసుకోకుండానే ఎలా ఆడుతున్నారో చూడు!" అంది. చూశాను. ముందున్న కుర్రాడు తల తిప్పకుండానే పక్కకు తప్పుకున్నాడు, వెనకవాడు ఎగిరి కొట్టాడు. ఇక అక్కడ నిలబడలేక, బీపీ మాత్ర వేసుకోవాలని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.

ఎనభైల మొదట్లో నేను దుబాయ్ దగ్గర రాస్ అల్ ఖైమాలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుని. కాకినాడ నుంచి వెళ్లినదాన్ని. అరబ్బీ రాదు, హిందీ అంతంతమాత్రం. నా హిందీ విని పఠాన్ డ్రైవర్లు నొప్పి మరచిపోయి నవ్వేవారు. అదీ ఒక వైద్యమే అనుకునేదాన్ని. ఊరి బయట కొండల కింద ఫ్యాక్టరీ కడుతున్న కొరియా కంపెనీ క్యాంపులో ఎవరికి దెబ్బ తగిలినా మా దగ్గరికే తెచ్చేవారు. ఒక మధ్యాహ్నం, నన్ను అక్కా అని పిలిచే జగిత్యాల మేస్త్రీ ఒక కొరియా వెల్డర్‌ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు.

"అక్కా, ఈని ఎడమ కంట్ల ఇనుప రవ్వ వడ్డది. జర జల్ది సూడు. ఈడు ఉత్త వెల్డర్ గాదు, ఆళ్ల దేశంల షటిల్ ఆడెటోడు."

డాక్టరుగారు రవ్వ తీసి కట్టు కట్టారు. ఆ తర్వాత రెండు వారాలు రోజూ చుక్కల మందు కోసం వచ్చేవాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. వచ్చీరాని హిందీలో, చేతి సైగలతో అతని కథంతా తెలిసింది. బడి రోజుల నుంచి ఒక స్నేహితుడితో జోడీ. అతను ముందు, ఇతను వెనక. కుర్రాళ్ల పోటీల్లో వాళ్లిద్దరికీ ఎదురు లేదట. ఇంతలో తండ్రి పోయి ఇంటి భారం మీద పడింది, రెండేళ్ల ఒప్పందం మీద ఎడారికొచ్చాడు. అక్కడి స్నేహితుడు ఇంకెవరితోనూ జత కట్టనని ఇతని కోసం కాచుకుని ఉన్నాడు. ఇక్కడ క్యాంపు షెడ్డులో మాత్రం ఇతనికి జోడీ మన మేస్త్రీ. "నేనేం ఆడుతనక్కా, వాడు అరబ్బీల యల్లా, జరుగు అంటె పక్కకు జరుగుత, గంతే" అనేవాడు. కట్టు విప్పాక ఒక శుక్రవారం నేనూ వెళ్లి చూశాను. ఆట నాకు తెలియదు గానీ, అంతకు ముందు అంత సంతోషంగా ఉన్న మనిషిని ఆ క్యాంపులో చూడలేదు. ఒకటి రెండుసార్లు దెబ్బ గాలిలో పోతే మేస్త్రీ వైపు చూసి నవ్వేశాడు.

ఒప్పందం ముగిసే రోజులకు స్నేహితుడి ఉత్తరం వచ్చింది. జాతీయ జట్టు ఎంపిక జరగబోతోంది, తొందరగా రమ్మని. తిరిగి ఇంటికి వెళ్లేవాళ్లకి ఆసుపత్రి నుంచి ఆరోగ్యం బాగుందన్న చీటీ కావాలి. చూపు పరీక్ష నా పని. అంకెల చార్టు ముందు కూర్చోబెడితే కుడి కంటితో చదివాడు, ఎడమ కంటితోనూ అంతే వేగంగా చదివాడు. ఎందుకో అనుమానం వచ్చి వరస మార్చి కర్ర పెట్టాను. ఏడు చూపిస్తే మూడన్నాడు. అంతకు ముందు కుడి కంటితో చదివిన వరసే అప్పజెప్పాడన్నమాట. ఆ కంటితో అతనికి కర్ర కూడా సరిగా కనబడటం లేదు.

"సిస్టర్, డాక్టర్ కో మత్ బోలో" అని ఏడుస్తూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మేరా దోస్త్, దో సాల్ వెయిటింగ్."

"రాసెయ్యి అక్కా" అన్నాడు అతనికి తోడొచ్చిన మేస్త్రీ. "ఆని బతుకంత గా ఆటనే."

"మరి ఆ దోస్త్‌కి తెలుసా?" అని హిందీలో అడిగాను. అతను తల దించుకున్నాడు. నేను అక్కడే ఆగవలసింది. ఆగలేదు. రెండు కళ్లూ బాగున్నాయని రాశాను. నా మాట మీద డాక్టరుగారు సంతకం పెట్టారు.

ఆరేడు నెలలకు మేస్త్రీ చేతికి ఒక ఉత్తరం వచ్చింది. ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించినది. నేనే చదివి చెప్పాను. ఎంపిక రోజున వెనక నుంచి అతను కొట్టినవన్నీ జానెడు దూరంలో తప్పిపోయాయట. ఆ స్నేహితుడు ముందు చోటు వదిలేసి, ఇద్దరి ఆటా తానొక్కడే పరుగెత్తి ఆడాడట. ఇద్దరినీ తీసేశారు. బయటికొచ్చాక కంటి సంగతి చెబితే ఆ స్నేహితుడు బస్సెక్కి వెళ్లిపోయాడు, మళ్లీ రాకెట్ పట్టలేదు. తాను ఊళ్లో పిల్లలకు ఆట నేర్పుతున్నానని చివర రాశాడు.

"మనం మంచికే జేసినమక్కా" అన్నాడు మేస్త్రీ. ఆ మాట అడిగినట్టుగా అన్నాడు. నేను ఉత్తరం మడిచి అతని చేతికిచ్చాను.

మర్నాడు డాక్టరుగారికి అంతా చెప్పేశాను. "అప్పుడే చెప్పి ఉంటే దుబాయ్ పంపేవాణ్ణి. చూపు కొంతైనా నిలిచేదేమో" అన్నారు. అక్కడున్న మిగతా నాలుగేళ్లూ నాకు కంటి పరీక్షల పని ఇవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిది. నా ఎదుట ఏడుస్తున్న మనిషి మాత్రమే మనిషిగా కనిపించిన వయసు. ఇన్నేళ్ల తర్వాత ఆ వెల్డర్ ముఖం మసకబారింది గానీ, నేనెన్నడూ చూడని ఆ రెండోవాడి ముఖం మాత్రం ఏటికేడు స్పష్టమవుతోంది.