ప్రగతి నగర్ బంగారు అమీబా

ఉమాశ్రీ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి జీతం తెచ్చుకుంటుంది. చదివింది మాత్రం జువాలజీ. ఆ చదువుకు ఉద్యోగం దొరకక ఇటు వచ్చింది. ప్రగతి నగర్‌లో మా ఎదురు ఫ్లాటే. వాళ్ల భోజనాల బల్ల సగం మైక్రోస్కోపుదే. మిగతా సగంలో మొగుడూ పెళ్లాం వంతులవారీగా తింటారు.

ఒక ఆదివారం చెరువు నీళ్లు సీసాలో తెచ్చి చూసింది. ఆ వారమంతా ఆఫీసులో ఒక్క తప్పూ పట్టలేదు. నీళ్లలో పెంకున్న అమీబా కనబడింది మరి. పెంకు అమీబాల్లో ఒక కుటుంబం ఇసుక రేణువులు ఏరి ఒంటికి అతికించుకుంటుందట. ఇంకో కుటుంబం తన ఒంట్లో ఊరిన పదార్థంతోనే పెంకు కట్టుకుంటుందట. ఇది రెండూ కాదు, బంగారంలా మెరుస్తోంది. నేనూ చూశాను. ఆ మెరుపు వేడికి నా కళ్లజోడు సాగి ముక్కు కొసకు జారింది.

"కొత్త కుటుంబమే, తాతగారూ," అంది. "కిరణ్మయి మేడం ఒప్పుకుంటే నా పేరుతో వ్యాసం అచ్చవుతుంది. ఇన్నేళ్లకు మళ్లీ జువాలజీ మనిషినవుతాను."

"మా ఇంటిపేరే పెట్టేయమనండి," అన్నాడు ఆమె భర్త జశ్వంత్. "మా వాళ్లలో ఇంతవరకు ఎవరూ మెరవలేదు."

ఉమాశ్రీకి యూనివర్సిటీలో పాఠం చెప్పిన కిరణ్మయి తరవాతి ఆదివారం వచ్చారు. మైక్రోస్కోపు మీంచి చాలాసేపు తల ఎత్తలేదు.

"నీళ్లు ఎప్పుడు తెచ్చినవ్ బిడ్డా?"

"వినాయక నిమజ్జనం అయిన మర్నాడు, మేడం. జనం తగ్గుతారని."

"వినాయకుని కిరీటానికి ఏం అద్దుతరు?"

ఉమాశ్రీ మళ్లీ మైక్రోస్కోపులోకి వంగింది.

"మెరిసే చెమ్కీ పొడి," అన్నారు కిరణ్మయి. "ఇసుక బదులు అది దొరికింది, అతికించుకున్నది. పండుగపూట పాతచీర ఎందుకు కడ్తది?"

ఉమాశ్రీ ఓ పట్టాన నమ్మలేదు. ఆ అమీబాను శుభ్రమైన నీళ్లలోకి మార్చి, ఉత్త ఇసుక పొడి వేసి పెంచింది. కొన్నాళ్లకు అది రెండైంది. పిల్లకు మట్టిరంగు ఇసుక పెంకు వచ్చింది. తల్లి మాత్రం పండుగ నగలు తీయలేదు. తల్లినీ పిల్లనీ చెరో కుటుంబంలో రాయడం ఎవరి తరం?

ఉమాశ్రీ ఫోన్ చేసింది. "ఇసుక కుటుంబమే, మేడం. నేనే పొరపడ్డాను."

"ఆ పొరపాటు రుజువుతోని పట్టింది ఎవరు?"

"నేనే."

"ఇగ గదే రాయి. మెరుపు జూసి కుటుంబం చెప్పొద్దని. జర చిన్న వ్యాసమే అయితది గానీ, నీ పేరుతోనే వస్తది."

ఆ సాయంత్రమే ఉమాశ్రీ తల్లీపిల్లల ఫొటో తీయడానికి కూర్చుంది. జశ్వంత్ టార్చి పట్టుకున్నాడు.

"తల్లి వైపు ఇంకాస్త వెలుతురు పడనీ," అంది. "ముస్తాబు కనబడాలి."