చిన్నాన్న కూర్చున్న చప్పుడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు వెతకడం నా ఉద్యోగం. "దానంతటదే మారిపోయింది" అని ఎవరైనా చెబితే, మార్చిన మనిషిని పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. ఇన్నేళ్ళలో ప్రతిసారీ మనిషే దొరికాడు. రెండుసార్లు ఆ మనిషి నేనే.

అందుచేత కిందటేడు సంత్రాగాఛిలో, పిన్ని ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా చిన్నాన్న రైల్వేలో సిగ్నల్ మెకానిక్. ఆదివారాలు తెలుగు చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడు. దానికి ఆంప్లిఫయర్ కూడా ఆయనే తయారు చేసుకున్నాడు. పాత వాల్వ్ రేడియో భాగాలు, ఒక స్పీకరు, టేకు చెక్క పెట్టె. చూడ్డానికి బియ్యం డబ్బాలా ఉండేది. మెల్లగా మీటితే తేటగా పలికేది. గట్టిగా మీటితే, ఏడుపు ఆపుకుని మాట్లాడే మనిషి గొంతులా కాస్త బొంగురుపోయేది. అంత మంచి గిటార్ గొంతు నేను మళ్ళీ వినలేదు. ఒక వానాకాలం ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో ఆ పెట్టె పాడైపోయింది. రెండేళ్ళకి చిన్నాన్న కూడా పోయాడు.

పిన్నికి ఎడమ చెవి ఎప్పుడో వినబడ్డం మానేసింది. కుడిది కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పాడు. ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది.

"ఒరే దానియేలూ, నీ కంప్యూటర్లో అన్ని గిటార్లూ ఉన్నాయంటావు గదా. మీ చిన్నాన్నది ఒకపాలి ఇనిపించరా. తరవాత ఈ చెవి ఏటైపోయినా పర్లేదు."

గిటార్ కేబుల్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే, ఏ ఆంప్లిఫయర్ గొంతు కావాలంటే ఆ గొంతు పలికించే సాఫ్ట్‌వేర్లున్నాయి. గది నిండా పట్టే సామాను తెర మీద బొమ్మలుగా ఉంటుంది. నిజంగా గొప్ప వస్తువు. నేనూ అందరిలాగే మొదట, గొంతు బొంగురు పెంచే గెయిన్ మీటని చివరిదాకా తిప్పాను. తేనెపట్టు మీద రాయి వేసినట్టు వచ్చింది. నెల తరవాత బుద్ధొచ్చింది. గెయిన్ సగానికి తగ్గించాలి. ఆంప్లిఫయర్లు మారుస్తూ కూర్చోవడం కంటే స్పీకర్ పెట్టె మార్చి చూడాలి. మైకును స్పీకర్ నడిమధ్య నుంచి అంచువైపు జరపాలి. ఇదంతా మౌసుతోనే.

ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక పిన్ని ఇంటికెళ్ళి, ఇద్దరం చెరొక హెడ్‌ఫోను పెట్టుకునేవాళ్ళం. నేను గిటార్ వాయిస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని, వక్కపొడి నములుతూ వినేది.

"ధుర్," అని విసుక్కునేది. "ఆయన ఇంకా కూకోలేదురా."

నాకు అర్థం కాలేదు.

"ముందు నిల్చుని సుతి చేసుకునేవోడు. తరవాత ఆ పెట్టె మీదే కూకుని వాయించేవోడు. అప్పుడు గొంతు దిగేది. నీకు తెల్దేటి?"

తెలుసు. మర్చిపోయాను. డెబ్బై కిలోల సిగ్నల్ మెకానిక్ మీద కూర్చుంటే చెక్క అదరడం తగ్గుతుంది, శబ్దం నిండుగా, దగ్గరగా వస్తుంది. ఇంజినీరింగ్ ప్రకారం చాలా సబబైన పద్ధతి. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళు మాత్రం మనిషి కూర్చోవడానికి మీట పెట్టలేదు. బాస్ తగ్గించాను, ట్రెబుల్ కోశాను, పెట్టెలు మార్చాను. పిన్ని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఇటు ప్రతివారం ఆవిడ హెడ్‌ఫోన్లో శబ్దం ఇంకాస్త పెంచాల్సి వస్తోంది.

ఏడో ఆదివారం, పట్టపగలు పదకొండున్నరకి, చిన్నాన్నకిష్టమైన కీర్తన వాయిస్తున్నాను. నా రెండు చేతులూ గిటార్ మీదే ఉన్నాయి. రెండో చరణంలో, హెడ్‌ఫోన్లో చెక్క కిర్రుమంది. గొంతు దిగింది.

పిన్ని నమలడం ఆపింది.

"అదిగో, కూకున్నాడు," అంది, పక్కగదిలో మనిషి గురించి చెప్పినంత మామూలుగా. "ఆపకు."

ఆపలేదు. చరణాలన్నీ అయ్యాక మళ్ళీ మొదటినుంచి వాయించాను. అదీ అయ్యాక ఆవిడ హెడ్‌ఫోను తీసి నా చేతిలో పెట్టి, "థాక్, చాలు," అని పొయ్యి మీద చేపల పులుసు చూడ్డానికి వెళ్ళింది.

నా ఉద్యోగం నేను చేశాను. గదిలో మైకు లేదు. చెక్క కుర్చీ లేదు, నేను కూర్చున్నది ప్లాస్టిక్ స్టూలు. రికార్డయినవి రెండు ఫైళ్ళు. ఒకటి సాఫ్ట్‌వేర్ తాకని వట్టి తీగల చప్పుడు, రెండోది ఆంప్లిఫయర్ గొంతుతో. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో చెక్క కిర్రుమంటుంది, గొంతు దిగుతుంది. ఆ మొదటి ఫైలునే, అవే సెట్టింగులతో నలభైసార్లు మళ్ళీ సాఫ్ట్‌వేర్ గుండా పంపి చూశాను. గొంతు దిగలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాస్తే, తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. మర్యాదగా థాంక్స్ చెప్పాను.

చలికాలానికి పిన్ని కుడి చెవి కూడా పోయింది. ఆ రికార్డింగు ఎవరికైనా వినిపించనా అని కాగితం మీద రాసి అడిగాను.

"అందరికీ ఇనిపించు," అంది, వీధంతా వినబడేలా. "అలాగ ఎవులు వాయిస్తారు?"

వినిపించాను. గిటార్ వాయించే స్నేహితులు మెచ్చుకుని సెట్టింగులడుగుతారు. ఉన్నవన్నీ ఇస్తాను. వారం తరవాత ఫోన్ చేసి అలా రావట్లేదంటారు. నాకూ రావట్లేదంటే, ఏదో దాస్తున్నానని నొచ్చుకుంటారు.

ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈమధ్య ఆ రికార్డింగును చివరి క్షణం దాకా మళ్ళీ విన్నాను. కూర్చున్న చప్పుడు ఉంది. లేచిన చప్పుడు లేదు.

పాతది తీసేసి కొత్త వెర్షన్ వేసుకోమని సాఫ్ట్‌వేర్ రోజూ అడుగుతోంది. రోజూ "తరవాత" అని నొక్కుతున్నాను.