స్ట్రాబెర్రీ మడికి పండగ చెట్టు

కరగందా నగరంలో మా వీధివాళ్లు కొత్త సంవత్సరానికి ఇళ్లలో అలంకరించే చెట్లన్నీ పండగయ్యాక ఖదీషా అపా పెరట్లోకే చేరతాయి. ట్రాలీబస్సు నడిపి రిటైరైన ఈ పెద్దావిణ్ణి అందరం అపా అనే పిలుస్తాం. ఆవిడ వాటిని స్ట్రాబెర్రీ మడి మీద పరుస్తుంది. గాలికి కొట్టుకుపోయే మంచు ఆ కొమ్మల్లో చిక్కుకుని మొక్కలను చలి నుంచి కాపాడుతుంది.

ఈ ఏడు మేం తప్ప అందరూ ప్లాస్టిక్ చెట్లు కొన్నారు. మంచు కూడా పడలేదు. రాత్రికి విపరీతమైన చలి అని రేడియో చెప్పగానే అపా మా తలుపు తట్టింది. మా పాపకు దగ్గుగా ఉండటంతో చలిగాలి రాకుండా ఆవిణ్ణి గబుక్కున లోపలికి లాగేశాను.

"మీ చెట్టు అలసిపోయినట్టుందే," అంది టీ తాగుతూ.

మా నాలుగేళ్ల పాప ఆల్మిరా చెట్టును వాటేసుకుంది. "ఇవ్వను. బయట దానికి చలేస్తుంది."

"నా ఒంటెపిల్లా, అక్కడ నా మొక్కలు వణికిపోతున్నాయే. ఇది వాటి మీద పడుకుంటుంది."

"మరి దీని మీద ఏం కప్పుతావు?"

"మంచు."

"ఎప్పుడొస్తుంది?"

అపా కిటికీలోంచి చూసింది. ఒక్క మబ్బు లేదు. మంచులో గాలి ఎలా చిక్కుకుంటుందో, అది వేడిని ఎలా ఆపుతుందో నేను వివరించబోయాను. ఇద్దరూ వినలేదు. కాసేపు గుసగుసలాడుకున్నాక ఆల్మిరా చెట్టును వదిలింది, అపా పట్టుకెళ్ళిపోయింది.

తెల్లారేసరికి చలి చెప్పినట్టే వచ్చింది, మంచు రాలేదు. మడి మీద మా చెట్టు, దాని మీద అపా పెళ్లినాటి బొంత.

"ఎవరికపా జబ్బు?" అన్నాడు పక్కింటి యెర్దెన్ కంచె మీంచి.

"మెల్లిగా మాట్లాడు. ఇప్పుడే నిద్రపోయింది," అంటూ అపా బొంత అంచు ఎత్తి కింది స్ట్రాబెర్రీ ఆకులను తడిమింది. పచ్చగానే ఉన్నాయి.