ఉలుకూ పలుకూ లేని పసరు

మా అవ్వ పసిరికలకు పసరు పోస్తుంది. అవ్వ అంటే నన్ను కన్నతల్లే, మా వైపు తల్లిని అలాగే పిలుస్తాం. కామెర్లనే పసిరికలంటాం. చందూర్ దగ్గరి మా పుట్టింటికి వర్ని నుంచి, బోధన్ నుంచి, మరాఠీ మాట్లాడే ఊళ్ల నుంచి కూడా పచ్చబడ్డ కళ్లతో జనం వస్తారు.

మందు రహస్యమేమీ కాదు. నేల ఉసిరి, అంతే. వానాకాలంలో పసుపు చేల ఒడ్ల మీద, చెరకు సాళ్ల మధ్య ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. రహస్యం లేదు గానీ నియమాలున్నాయి. ఆదివారం నాడే, పొద్దు పొడవకముందే తెంపాలి. కడగకూడదు, మంచు తడితోనే నూరాలి. అన్నిటికన్నా పెద్ద నియమం నోటిది. ఆకు కోసం గడప దాటిన దగ్గర్నుంచి రోగి గొంతులో పసరు దిగేదాకా మందిచ్చే మనిషి ఒక్క మాట మాట్లాడకూడదు. ఎవరు పిలిచినా వెనక్కి తిరగకూడదు. నోరు జారితే ఆ రోగికి ఇక ఏ మందూ పారదని మా అవ్వ నమ్మకం.

నాకు అంత నమ్మకం లేదు. అలాగని కాదనే ధైర్యమూ లేదు. పోయిన వానాకాలం డిగ్రీ చదివే నా బిడ్డకు పసిరికలయ్యాయి. నిజామాబాద్‌లో రక్తపరీక్షలు చేయించాను. డాక్టరు చెప్పినట్టే అంతా చేస్తున్నాం, తగ్గుతూనే ఉంది. అయినా అవ్వ ఫోన్లో ఒకటే పోరు.

"ఊరోళ్ల పిల్లలందరికి పోస్త, నా మనుమరాలికి పొయ్యొద్దా? గిదేం సోద్యమే నాకు!"

ఆ పోరు పడలేక పిల్లను తీసుకుని వెళ్లాను.

ఆదివారం పొద్దున మసక వెలుతురులోనే అవ్వ వెళ్లి కొంగు నిండా ఆకు తెచ్చింది. నన్ను చూసి కూడా చూడనట్టు పెరట్లో రోలు ముందు కూర్చుంది. పిల్ల ఫోను ముందు రోజే లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది, పసిరికలకు ఫోను వేడి చేస్తుందట! నేను మజ్జిగకు తోడు వేద్దామని పాలకు బయల్దేరాను.

ఊరి చివర ఒకాయన బండి ఆపాడు. ధర్పల్లి నుంచి వచ్చి మా ఊళ్లో పసుపు చేను కౌలుకు చేస్తున్న రైతు. మా ఊరి నియమాలు ఆయనకు కొత్త.

"అక్కా, మీ అవ్వకు చెవులు ఇనరావా?"

"మంచిగనే ఇనొస్తయి. ఏమైందన్నా?"

"పొద్దుగాల నా ఒడ్డు మీద ఆకు తెంపుతుండె. అవ్వా తెంపకు, నిన్న మాపటికి గడ్డిమందు కొట్టిన అని గింత గట్టిగ ఒర్రిన. మల్లి సూడకపాయె. మేకలకేమో అనుకున్న. గది మేకలకు వెయ్యద్దని చెప్పక్కా."

మేకలకా! గడ్డిమందంటే కలుపును చంపే విషం. "అన్నా, అది నా బిడ్డకు తాగిపిస్తది!" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. బండి తిప్పాడు, వెనక ఎక్కాను. నా ఫోను చేతిలోనే ఉంది, కానీ ఎవరికి చెయ్యను? మాట్లాడని అవ్వకా? బియ్యం డబ్బాకా? దారిపొడుగునా అవ్వను తిట్టాను, నన్ను తిట్టుకున్నాను, దండం పెట్టని దేవుడు లేడు.

పెరట్లోకి పరిగెత్తేసరికి నా బిడ్డ పీట మీద తూర్పు మొహంగా కూర్చుని ఉంది. ఎదురుగా అవ్వ, చేతిలో పసరు గిన్నె. ఏమీ అడగలేదు, ఆగలేదు. అవ్వ చేతి మీద ఒక్కటి కొట్టాను. గిన్నె ఎగిరి రోలుకు తగిలింది.

"మమ్మీ! పిచ్చి లేసిందా?"

"తాగినవా? ఒక్క చుక్కన్న తాగినవా?"

"నాకు పొయ్యనే లేదు. ఎప్పటిసందో గిన్నె పట్టుకొని ఊకె కూసున్నది అమ్మమ్మ."

అప్పుడు చూశాను. అవ్వ పెదవులు పచ్చగా ఉన్నాయి. రుచి చూసి పోయడం కూడా ఒక అలవాటు ఆమెకు. ఒడ్డు మీద మందు కొట్టిన సంగతి చెప్పాను. "అవ్వా, నువ్వు మింగినవా?" అని భుజాలు పట్టి ఊపాను. ఉలుకు లేదు, పలుకు లేదు. ఒలికిన పసరు వైపు చూస్తూ కూర్చుంది.

రైతు ఆటో పిలుచుకొచ్చాడు. తాను మందు డబ్బా తీసుకుని వెనకాలే వచ్చాడు. బోధన్ చేరేలోపు అవ్వ కడుపు పట్టుకుంది, నుదురంతా చెమట. నోరు మాత్రం తెరవలేదు.

దవాఖానలో డాక్టరమ్మ డబ్బా చూసి అడిగింది. "ఎంత తాగింది? ఎప్పుడు?"

"నాలుకకు రాసుకున్నదేమో మేడం."

"ఊహలు వద్దమ్మా. చుక్కనా, గుక్కలా? దాన్ని బట్టే నేను చెయ్యాలి. పెద్దమ్మా, నువ్వే చెప్పు."

అవ్వ తల అడ్డంగా ఊపి మనుమరాలి వైపు చెయ్యి చూపింది. నాకు అర్థమైంది. పసరు ఆ పిల్ల గొంతులో దిగలేదు, కాబట్టి నియమం ఇంకా తీరలేదు. తాను మాట్లాడితే పిల్లకు తగ్గదు. నాకు కోపం నషాళానికంటింది.

"నీ నియమం మీద మన్నువడ! సస్తవే, నోరు తెరువు!" అని అందరిముందూ అరిచేశాను. ఏడుపొచ్చింది. అవ్వ కళ్లు మూసుకుంది.

నా బిడ్డ మంచం మీద కూర్చుని అవ్వ చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, నాకు తగ్గుకుంటనే వస్తున్నది. నా కండ్లు సూడు. నాకు పసిరికలు పోవుడు గాదు, నువ్వు గావాలె."

అవ్వ కళ్లు తెరిచి ఆ పిల్ల కళ్లలోకి చాలాసేపు చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది.

"పొల్లకు నిజంగనే తగ్గుతదా అమ్మా?"

"తగ్గుతుంది. పూచీ నాది. నువ్వు చెప్పు."

"సగం గిన్నె తాగిన. పొద్దు పొడుస్తుంటే."

డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసింది. ముక్కులోంచి గొట్టం వేశారు, సెలైన్లు పెట్టారు. బయట మెట్ల మీద ఆ రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. "ఉరికొచ్చి చెయ్యి పట్టి గుంజకపోతినే" అని అదే మాట మళ్లీమళ్లీ అన్నాడు. ఆయనకు ధైర్యం చెప్పే ఓపిక నాకు లేదు.

అవ్వ బతికింది. మందు మంచుకు పలచబడిందనీ, వెంటనే తేవడం మంచిదైందనీ డాక్టరమ్మ చెప్పింది. గొంతు పుండై కొన్నాళ్లు గంజి తప్ప దిగలేదు. మాట కొంచెం పెగిలాక, గంజి తాగిస్తూ అడిగాను.

"రుచి సూసేటందుకు ఒక్క చుక్క చాలు గదనే. సగం గిన్నె ఎందుకు తాగినవు?"

"ఆయన ఒర్రంగ ఇన్న" అంది.

చెంచా గిన్నెలో పెట్టేశాను.

"ఇన్నవా? మరి పారెయ్యకపోయినవా?"

"గాలికి సగం మాట ఇనవడె, సగం ఇనవడకపాయె. ఏం కొట్టిండో, నేను తెంపిన కాడ కొట్టిండో లేదో. మల్లి అడుగుదమంటే నోరు తెరవరాదాయె. పారేస్తే మల్ల ఆదివారం దాక పొల్ల గట్లనే ఉండవట్టె." ఒక గుటక గంజి మింగింది. "నోటితోని అడగరాదు గద బిడ్డా. గందుకే కడుపుతోని అడిగిన. నాకేం గాకుంటే పొల్లకు పోద్దమని సూసుకుంట కూసున్న. గంతల నువ్వొస్తివి."