ఎవరూ నమ్మని డిస్కు

మొన్న చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో బిల్లు కొట్టే కంప్యూటర్ బిగుసుకుపోతే, దుకాణదారు స్విచ్చు ఆపి మళ్ళీ వేసి నవ్వాడు. నాకు మాత్రం గుండె గుభేల్మంది. మన కాలంలో పెద్ద కంప్యూటర్ల దగ్గర పనిచేసినవాళ్ళకు ఆ భయమేమిటో నేను వేరే చెప్పాలా!

పురానాపూల్ దగ్గరి మా ఆఫీసులో ఒక ఏడాది పదో తరగతి మార్కులు మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద కూడుతున్నాం. మర్నాడు పొద్దున ఫలితాలు. లాల్‌దర్వాజాలో మా ఇంట్లో, ఆ పరీక్షే రాసిన చెల్లెలు అన్నం ముట్టకుండా కూర్చుంది. మధ్యాహ్నానికి యంత్రం నత్తనడక పట్టింది. మేము ఒంటిగది అద్దె ఇంట్లో పగలు పరుపులు అటకెక్కించి రాత్రి దించుకున్నట్టే, మెమరీ చాలనప్పుడు యంత్రం కొన్ని పేజీలను, అంటే సమాచారపు ముక్కలను, డిస్కు మీద పెట్టి, కావలసినప్పుడు తెచ్చుకుంటుంది. ఆ చోటే పేజింగ్ డేటాసెట్. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, అదీ మార్కుల ఫైలూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. చదివే ముల్లు ఆ కొసకూ ఈ కొసకూ పరుగెత్తలేక, బీరువా అంత డిస్కు పెట్టె గడగడ వణుకుతోంది, దాన్ని చూసి నేనూ వణుకుతున్నాను.

పేజీలకు ఇంకో డిస్కు మీద చోటిస్తే గట్టెక్కుతాం. ఖాళీగా ఉన్నది ఒక్కటే. ఒకసారి మొరాయించి రిపేరు చేయించుకున్నాక దాని జోలికి ఎవరూ పోలేదు, అందుకే ఖాళీ. యంత్రం నడుస్తుండగానే చేర్చవచ్చు, కానీ చేర్చాక వెనక్కి తీసే వీలు లేదు. అది మళ్ళీ మొరాయిస్తే అంతా ఆగిపోయి, కూడినదంతా మొదటికొస్తుంది. చేర్చకపోతే తెల్లారేసరికి ఫలితాలే ఉండవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ డిస్కును చేర్చమనే ఆదేశం టైపు చేశాను గానీ, మీట నొక్కడానికి వేలు ముందుకు పోలేదు. మా పెద్దసారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"నొక్కు బిడ్డా. లొల్లయితే నేనే నొక్కమన్న అని జెప్త."

అంటున్నారే గానీ, ఆయన మోకాలు ఆగకుండా ఊగుతోంది.

నొక్కాను. చాలాసేపు ఏ మార్పూ లేదు. మహంకాళి అమ్మవారికి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు. తరువాత ఒక్కో టెర్మినల్ తెర మీద అక్షరాలు కదిలాయి, పెట్టె వణుకు నెమ్మదించింది. అయినా ఇద్దరం లేవలేదు. ఆ ఎవరూ నమ్మని డిస్కు చప్పుడు మీదే చెవులు పెట్టుకుని, చివరి జిల్లా మార్కులు పూర్తయ్యేదాకా మంచినీళ్ళయినా తాగకుండా కూర్చున్నాం. చెల్లెలు పాసయింది.

ఇప్పుడు ఏ పేజీ ఎక్కడ పెట్టాలో యంత్రాలే చూసుకుంటాయట. ఆ డిస్కులూ లేవు, సారూ లేరు. మా కోడలు కంప్యూటర్ పనంతా ఇంట్లోనే, గది తలుపు వేసుకుని చేస్తుంది. ఒక్కోసారి నీళ్ళకోసం బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో నా ఆనాటి భయం కనిపిస్తుంది. వెళ్ళి పక్కన కూర్చుందామనిపిస్తుంది, కానీ ఆ పని నాకు తెలియదు. తప్పయితే 'నేనే నొక్కమన్న' అని చెప్పే పెద్దసారులాంటివాళ్ళు ఆ గదిలో ఎవరూ ఉండరు. ఆమె గ్లాసు అక్కడ పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటుంది.