పుల్లయ్య గారి జ్ఞాపకార్థం బ్యాడాస్

పన్నెండు మంది ఆడపిల్లల వీపుల మీద ఇంగ్లీషు బూతు అచ్చు వేయించి, ఊరంతా చూస్తుండగా మైదానంలో నిలబెట్టిన డ్రిల్లు మాస్టారు మా జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆ మహానుభావుడిని నేనే. అదీ ఒక కీర్తిశేషుడి పేరుకు సరిగ్గా పైన. మీరు హాయిగా నవ్వుకోండి, ఆ రోజు నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

చండ్రుగొండ దగ్గరి హైస్కూల్లో కొత్తగా చేరిన రోజులవి. మా పిల్లలు అడవి అంచు పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. కబడ్డీలో కాలు దొరికితే వదిలేవాళ్ళు కాదు. ఉన్న లోటల్లా టీషర్టులే. నంబర్లేసిన ఒకే రంగు టీషర్టులు లేకపోతే పోటీల్లోకి రానివ్వరు. వైరాలో సాంబశివరావు గారనే రైతు, తండ్రి పుల్లయ్య గారి పేరు మీద ఏటా కబడ్డీ పోటీలు పెట్టేవారు. మా సంగతి విని టీషర్టులు తానే ఇప్పిస్తానన్నారు. షరతు మామూలుదే. వీపు మీద 'కీ.శే. పుల్లయ్య గారి జ్ఞాపకార్థం' అని ఉండాలి. మా వైపు కబడ్డీ టీషర్టు మీద కీర్తిశేషులు ఒకరైనా లేకపోతే అది టీషర్టు కింద లెక్కే కాదు.

దాని పైన జట్టు పేరు ఉండాలి కదా. పిల్లలు ఆడపులులు అన్నారు. నాకు ఆనలేదు. హైదరాబాదులో చదివే మా తమ్ముడు తన దోస్తులను మెచ్చుకుంటూ వాడే మాట ఒకటి గుర్తొచ్చి ఫోన్లో వెతికాను. బ్యాడాస్. అర్థం చూస్తే, ఎవరికీ లొంగని తెగువ గల మనిషి అని ఉంది. అర్థానికి ముందు చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసుంది. మందు సీసా మీద చిన్న అక్షరాలు చదివే అలవాటే లేనివాణ్ణి, ఇవేం చదువుతాను? ఖమ్మంలో అచ్చు వేసే ఆయన, ఈ మాట పిల్లలకు పర్వాలేదా అని ఒకసారి అడిగాడు కూడా. ఇంగ్లీషు నాకు నేర్పుతావా అన్నట్టు చూసేసరికి ఊరుకున్నాడు.

పోటీల నాడు మావాళ్ళు వరసగా గెలిచి సాయంత్రానికి ఫైనల్‌కు వచ్చేశారు. అప్పటిదాకా ఆ ఇంగ్లీషు ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ముఖ్య అతిథిగా ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ గారు అప్పుడే దిగారు. పిల్లలు ఆయనకు దండం పెట్టి, కోర్టు వైపు తిరిగారు. పన్నెండు వీపులూ ఒక్కసారిగా కనబడ్డాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, సాంబశివరావు గారి చెవిలో ఏదో చెప్పారు.

సాంబశివరావు గారు ఎండుమిరపకాయలా ఎర్రబడి నా మీదికి వచ్చారు. "సారూ, మా నాయన పేరు మీద ఏం రాయించినవ్?"

తెగువ గలవాళ్ళని అర్థమండీ అన్నాను.

"అర్థం అదేనయ్యా, వాడుకలోనే తేడా" అన్నారు లెక్చరర్ గారు. "దోస్తులు తమలో తాము అనుకునే మోటు మాట. చివరి ముక్కంటే మనం కూర్చునే భాగం. నలుగురిలో పలకరు, వీపున అసలే రాసుకోరు."

ఈ బట్టలతో ఫైనల్ జరగదని సాంబశివరావు గారు తేల్చేశారు. టీషర్టులు తిరగేసి వేసుకుంటామన్నాను. నంబర్లు కనబడవు, ఒప్పుకోనన్నాడు రిఫరీ. మా కెప్టెన్ లలిత నా దగ్గరికొచ్చి, "సారూ, ఫైనల్ దాంక వచ్చి ఒక్క మాటకు ఇంటికి పోవాల్నా?" అంది. తప్పు నాది, శిక్ష ఆ పిల్లలకా?

అప్పుడు వేదిక మీద కుర్చీలోంచి నాగరత్నమ్మ గారు పిలిచారు. పుల్లయ్య గారి భార్య. ఎనభై దాటిన మనిషి. ఆ మాటకు అర్థమేందో చెప్పమన్నారు. లెక్చరర్ గారు ఆకాశం వైపు చూశారు. ఇక నాకే తప్పలేదు. ఎవరికీ లొంగని మొండిమనిషి అని అర్థమమ్మా, కాకపోతే మాట బూతు అని చెప్పేశాను.

ఆమె దండ వేసిన మొగుడి ఫొటో వైపు కాసేపు చూశారు. తర్వాత కొడుకు వైపు తిరిగారు.

"మీ నాయన గట్లనే ఉంటుండె కదరా. ఎవ్వనికి లొంగకపోతుండె, నోరు తెరిస్తే బూతే. నువ్వు ఏటా ఫ్లెక్సీ మీద శాంతమూర్తి అని రాయిస్తవ్, గాయనెవరో నాకు తెల్వనే తెల్వదు. ఇన్నేండ్లకు ఈ సారు సరిగ్గ రాయించిండు. ఆడనియ్ పిల్లల్ని."

సాంబశివరావు గారు నవ్వు ఆపుకోలేక, ఆడించమని రిఫరీకి సైగ చేశారు. ఇక మా లలిత కూతకెళ్ళి ఒకేసారి ముగ్గుర్ని అవుట్ చేసి వచ్చింది. వైరా ఊరు ఊరంతా ఆ బూతు మాటను గొంతు చించుకుని అరిచింది. చివరి నిమిషంలో లెక్చరర్ గారు కూడా అరిచారు, నా చెవులారా విన్నాను. కప్పు మాదే.

కప్పు అందిస్తూ నాగరత్నమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "నాకు గూడ గసోంటిదే ఒకటి చేపియ్ బిడ్డా. కింద జ్ఞాపకార్థం అని మాత్రం రాయకు, ఇంకా బతికే ఉన్న" అన్నారు.

అక్కడే, పుల్లయ్య గారి ఫొటో సాక్షిగా, చెంపలు వాయించుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఏ ఇంగ్లీషు మాటైనా సరే, అర్థం ఒకరినీ వాడుక ఇద్దరినీ అడగనిదే ఈ జన్మలో ఎవరి వీపునా ఎక్కించను. నాగరత్నమ్మ గారి టీషర్టు మాత్రం ఈ ఒట్టు కిందికి రాదు.